మాయా లిపిలో ఒక మాటకు అర్థం పట్టుకోవడం ఎలా: మెట్టు మెట్టుగా

చేప బొమ్మ కనిపించింది, పక్కన 'చేప' అని రాసుకున్నాను. మాయా లిపి నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు నా నోటుబుక్కులోకి ఎక్కిన మొట్టమొదటి అర్థం అదే, అదే తప్పు కూడా. అక్కడ ఆ బొమ్మకు చేపలతో ఏ సంబంధమూ లేదు. అది 'క' అనే అక్షరం. దాని తర్వాత ఇంకో 'క', ఆ తర్వాత 'వ' ఉన్నాయి. మూడూ కలిపితే 'కకవ్', అంటే కోకో. మనం తినే చాక్లెట్‌కు మూలమైన ఆ గింజ పేరు, వెయ్యేళ్లకు పైబడిన ఒక మట్టిపాత్ర మీద.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒకే పద్ధతి మీద నడుస్తుంది. బొమ్మను చూసి అర్థం చెప్పకండి. ముందు ఆ గుర్తుల చేత మాట పలికించండి. ఆ మాట ఏ భాషదో ఆ భాషలో అర్థం వెతకండి. చివరగా, అది రాసి ఉన్న చోట ఆ అర్థం ఇముడుతుందో లేదో చూడండి. ఈ వరస తప్పితే ఎంత తెలివైనవాళ్లైనా పొరబడతారు. నిజంగానే పొరబడ్డారు కూడా, వందేళ్ల పాటు.

మొదటి మెట్టు: ఏ నేల, ఏ భాష

మెక్సికో దక్షిణ భాగం, గ్వాటెమాల, బెలీజ్, హోండురాస్ పడమటి అంచు, ఎల్ సాల్వడార్‌లో కొంత భాగం. మాయా జనం ఉన్న నేల ఇది, ఇప్పటికీ ఉన్నారు. సుమారు 30 మాయా భాషలు నేటికీ లక్షల మంది నోట బతికున్నాయి. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. 'అంతరించిన మాయా జాతి' అని మన పత్రికల్లో తరచూ రాస్తుంటారు. అది నిజం కాకపోవడం వల్లే ఈ లిపిని చదవగలిగాం. మాట్లాడేవాళ్లు మిగలకపోయి ఉంటే గుర్తులకు శబ్దం దొరికినా అర్థం దొరికేది కాదు.

శాసనాలు ఎక్కువగా చెక్కిన కాలం క్రీ.శ. 250 నుంచి 900 వరకు. రాజులు రాతి పలకల మీద, గుమ్మాల మీద, మెట్ల మీద రాయించిన ఆ భాష చోల్ శాఖకు చెందింది. గ్వాటెమాల, హోండురాస్ సరిహద్దుల్లో నేడు మాట్లాడే చోర్తి భాష దానికి బాగా దగ్గర బంధువు. చెట్టు నార కాగితం మీద రాసిన మడత పుస్తకాలు నాలుగే మిగిలాయి. వాటిలో యుకాటెక్ (మెక్సికోలోని యుకాటాన్ ద్వీపకల్పంలో మాట్లాడే మాయా భాష) మాటలు ఎక్కువ. అందుకే ఒకే మాట శాసనంలో ఒకలా, పుస్తకంలో ఇంకోలా కనిపించొచ్చు. శాసనంలో 'చన్' అని పలికే పాము యుకాటెక్‌లో 'కాన్' అవుతుంది. ఏది ఎక్కడ చదువుతున్నారో ముందే రాసి పెట్టుకోండి.

రెండో మెట్టు: నోరు సరిచేసుకోవడం

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సుళువు, ఒక చిక్కు ఉన్నాయి.

సుళువు ఏమిటంటే, మాయా భాషల్లో 'చ' రెండు రకాలు. ఒకటి చెట్టు, చిలకల్లో వచ్చే చ. రెండోది చలి, చాపల్లో వచ్చే చ. పాత వ్యాకరణ పుస్తకాల్లో రెండోదాన్ని ౘ అని రాసేవారు. ఆ శబ్దం కోసం వేరే భాషలవాళ్లు రెండు మూడు అక్షరాలు జతచేసి తంటాలు పడతారు. మనకు అది పుట్టుకతో వచ్చింది. కాబట్టి ఈ వ్యాసంలో ౘ వాడుతున్నాను: విౘ్ అంటే కొండ, ౘుల్ అంటే కుక్క.

చిక్కు ఏమిటంటే, మాయా భాషల్లో క, చ, త, ౘ లాంటి హల్లులకు గొంతు బిగబట్టి టప్పున వదిలే ఇంకో రూపం ఉంది. దాన్ని గుర్తించడానికి అక్షరం పక్కన పైన కామా లాంటి ఒక గుర్తు (') పెడతారు. చాలామంది తెలుగులో రాసేటప్పుడు దీన్ని ఖ, ఛ అని ఒత్తేస్తారు. అది తప్పు. మన ఖ లో గాలి బయటికి బుస్సున వస్తుంది. ఇక్కడ గాలి గొంతులోనే ఆగి, తర్వాత చిట్లినట్టు వస్తుంది. ఈ తేడాతో అర్థమే మారిపోతుంది: 'కబ్' అంటే నేల, 'క'బ్' అంటే చెయ్యి. ఆ గుర్తును వదిలేస్తే నిఘంటువులో ఎప్పటికీ తప్పు పేజీలోనే ఉంటారు.

మూడో మెట్టు: గుర్తులు రెండు జాతులు

మొత్తం గుర్తులు సుమారు 800 అని లెక్క. అన్నీ ఒకే కాలంలో, ఒకే ఊళ్లో వాడలేదు కాబట్టి ఆ సంఖ్య చూసి టెన్షన్ పడకండి. అవి రెండు రకాలు.

ఒక రకం మాట గుర్తులు. ఒక్క గుర్తే ఒక పూర్తి మాట. నాలుగు రేకుల పువ్వు లాంటి గుర్తు 'కి'న్': సూర్యుడు, రోజు. చిరుతలా మచ్చలున్న జాగ్వార్ తల 'బహ్లమ్'.

రెండో రకం అక్షర గుర్తులు. హల్లు, అచ్చు కలిసిన ఒక్కో శబ్దం: బ, ల, మ, కు, చు. ఇది మనకు కొత్తేమీ కాదు. గుణింతం నేర్చుకుని పెరిగినవాళ్లం. పూర్తి పట్టిక గీస్తే మన గుణింతం పట్టికలాగే ఉంటుంది, అచ్చులు మాత్రం ఐదే. మన గుణింతంలో 'క' రూపం కా, కి, కు అన్నింటిలోనూ కనిపిస్తుంది. మాయా లిపిలో క, కి, కు మూడూ ఒకదానితో ఒకటి పోలికే లేని వేర్వేరు బొమ్మలు. పైగా ఒకే శబ్దానికి రెండు మూడు గుర్తులు ఉండొచ్చు. 'ఉ' కు అయితే ఇంకా ఎక్కువే. రాసేవాళ్లు ఒకే పంక్తిలో ఒకే రూపం మళ్లీ మళ్లీ రాయడం ఇష్టపడేవాళ్లు కాదు.

పండితులు మాట గుర్తులను రోమన్ పెద్ద అక్షరాలతో, అక్షర గుర్తులను చిన్న అక్షరాలతో రాస్తారు. మనకు పెద్ద, చిన్న అక్షరాలు లేవు. నా నోటుబుక్కులో మాట గుర్తుకు చదరపు కుండలీకరణం వాడతాను. ఇక్కడా అదే: [బహ్లమ్] అంటే ఒకే తల బొమ్మ, బ-ల-మ అంటే మూడు అక్షరాలు.

జాగ్వార్‌ను ఎన్ని విధాలుగా రాశారో చూడండి: [బహ్లమ్], బ-[బహ్లమ్], [బహ్లమ్]-మ, బ-[బహ్లమ్]-మ, బ-ల-మ. ఐదూ ఒకటే మాట. రెండో రూపంలో ముందున్న 'బ' ను విడిగా పలకరు. "ఈ తలను 'బ' తో మొదలయ్యే మాటగా చదువుకో" అని చెప్పడమే దాని పని. మూడో రూపంలో చివరి 'మ' కూడా అలాంటి సాయమే. దీన్ని తోడు అక్షరం అందాం. మనకు అర్థాలు పట్టించేది ఎక్కువగా ఈ తోడు అక్షరాలే, మళ్లీ వీటి దగ్గరికి వస్తాను.

నాలుగో మెట్టు: ఏ వరసలో చదవాలి

ఇది త్వరగా అయిపోతుంది. గుర్తులు చిన్న చిన్న చదరపు బ్లాకుల్లో ఇరికి ఉంటాయి. బ్లాకులను రెండేసి నిలువు వరసల జతగా తీసుకోండి. ఎడమ బ్లాకు, కుడి బ్లాకు, కింద వరసలో మళ్లీ ఎడమ, కుడి, అలా కిందికి దిగండి. అడుగుకు చేరాక పక్క జత పైనుంచి మొదలుపెట్టండి. బ్లాకు లోపల కూడా ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి. మనుషుల, జంతువుల ముఖాలు సాధారణంగా ఎడమ వైపు, అంటే మీరు చదువుతూ వస్తున్న వైపు చూస్తుంటాయి. కుడి వైపు చూస్తుంటే ఆ రాతను అద్దంలో చూసినట్టు తిప్పి రాశారని అర్థం. చిన్న గుర్తు పెద్ద గుర్తు కడుపులో దూరిపోయి ఉండొచ్చు. ఒత్తులు చదివిన కంటికి ఇది పెద్ద కష్టమనిపించదు.

ఐదో మెట్టు: మాటను పలికించడం

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఈ పద్ధతి ఎలా పుట్టిందో చూస్తే మీరే సొంతంగా చేయగలరు.

1562లో యుకాటాన్‌లోని మానీ ఊళ్లో డియెగో దె లాండా అనే క్రైస్తవ సన్యాసి మాయా పుస్తకాలను తగలబెట్టించాడు. కొన్నేళ్లకు అతనే మాయా రాతగాళ్లను అడిగి వాళ్ల 'అక్షరమాల' రాసుకున్నాడు. అతను స్పానిష్ అక్షరాల పేర్లు పలికాడు, వాళ్లు ఆ శబ్దానికి దగ్గరగా ఉన్న గుర్తులు గీశారు. లాండాకు అది అక్షరమాల అనిపించింది. నిజానికి అది గుణింతంలో కొన్ని ముక్కలు. ఈ సంగతి ఎవరికీ తట్టక, 19వ శతాబ్దంలో ఆ రాతప్రతి బయటపడ్డాక కూడా దాంతో ఏ మాటనూ సరిగ్గా చదవలేకపోయారు.

1952లో లెనిన్‌గ్రాడ్‌లో యూరి క్నొరొజొవ్ అనే సోవియట్ పండితుడు దాన్ని గుణింతంగా చూశాడు. మడత పుస్తకాల్లో బొమ్మల మీద వాటి వివరం రాసి ఉంటుంది. ఒక చోట టర్కీ కోడి బొమ్మ, దాని మీద రెండు గుర్తులు. మొదటిది లాండా 'కు' అని రాసుకున్నదే. రెండోది తెలియదు. యుకాటెక్ భాషలో ఆ కోడిని ఏమంటారు? 'కుౘ్'. అయితే రెండో గుర్తు 'ౘ' తో మొదలవ్వాలి. మొదటి అక్షరంలో ఉన్న అచ్చే రెండోదానికీ ఉంటుందనుకుంటే అది 'ౘు'. అంటే కు-ౘు.

ఇది ఊహే. దాన్ని పరీక్షించాలి. ఇంకో చోట అదే 'ౘు' గుర్తు మొదట వచ్చింది, తర్వాత లాండా 'ల' కారానికి ఇచ్చిన గుర్తు ఉంది. ౘు-లు: 'ౘుల్'. యుకాటెక్‌లో ౘుల్ అంటే కుక్క. కింద బొమ్మ చూస్తే కుక్కే. మూడో చోట 11 అనే అంకె ఉండాల్సిన స్థానంలో మూడు గుర్తులు ఉన్నాయి. మొదటిది చెరిగిపోయింది, మిగతావి లు, కు. యుకాటెక్‌లో పదకొండును 'బులుక్' అంటారు. బు-లు-కు. మూడు చోట్లా లెక్క కుదిరింది. ఆ రోజుల్లో మాయా అధ్యయనంలో పెద్ద తలకాయ ఎరిక్ థాంప్సన్ దీన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. కానీ ఈ పునాది నిలబడింది.

కుౘ్, ౘుల్, బులుక్. రాతలో చివరి ఉ ఉంది, పలుకులో లేదు. తెలుగువాళ్లు మొదట తడబడేది ఇక్కడే. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. బస్ అని వచ్చినదాన్ని బస్సు చేసుకుంటాం. మాయా మాటలు ఎక్కువగా హల్లుతో ముగుస్తాయి, కానీ రాయడానికి ఉన్నవి అచ్చుతో కూడిన అక్షరాలే. అందుకని చివరి హల్లు కోసం ఒక అక్షరం రాసి, దాని అచ్చును పలకకుండా మింగేస్తారు. మన 'కాకి' ని ఆ లిపిలో క-కి అని రాస్తే మాయా పాఠకుడు 'కాక్' అని చదివేస్తాడు.

రెండు హెచ్చరికలు. చివరి అచ్చు అంతకు ముందున్న అచ్చుతో కలవకపోతే లోపలి అచ్చు మామూలు పొట్టి అచ్చు కాదని చాలామంది పండితుల అభిప్రాయం. బ-కి అని రాస్తే 'బాక్', దీర్ఘంతో. ఈ నియమం వివరాల మీద వాదాలు ఇంకా తెగలేదు. రెండోది, కొన్ని క్రియల్లో చివరి 'ఇ' నిజంగానే పలుకుతుంది: 'చమి', చనిపోయాడు. కాబట్టి అన్ని అచ్చులనూ కళ్లు మూసుకుని కొట్టేయకండి. అలాగే పదం మధ్యలో హ్ శబ్దాన్ని, చివర్లో ల్, న్ లాంటివాటిని రాయకుండా వదిలేయడం వాళ్లకు అలవాటు. బ-ల-మ ను బహ్లమ్ అని చదవడం అందుకే.

ఆరో మెట్టు: ఒకే శబ్దం, నాలుగు అర్థాలు

మాట పలికింది. ఇప్పుడు అర్థం. మన భాషలోనే చూడండి: 'ఆరు' అంటే ఒక అంకె, ఆరిపోవడం కూడా. ఆరు చుక్కలు పెట్టి "దీపం ఆరు" అని రాస్తే మీకు అర్థమవుతుంది. మాయా రాతగాళ్లకు ఈ ఆట ప్రాణం.

'చన్' అంటే ఆకాశం. 'చన్' అంటే పాము. 'చన్' అంటే నాలుగు. దాదాపు ఇదే శబ్దంతో కావలివాడు అనే మాట ఒకటి ఉంది. ఫలానా బందీని చేజిక్కించుకున్నవాడు అనే బిరుదులో అది వస్తుంది. ఆ బిరుదును ఒక శిల్పి ఆకాశం గుర్తుతో, ఇంకొకరు పాము తలతో, మరొకరు నాలుగు చుక్కలతో రాశారు. పాము కనిపించింది కదా అని నాగపూజ గురించి కథ అల్లితే అంతే సంగతులు. ఒకే చోట మూడు గుర్తులు మారుమారి వస్తున్నాయంటే వాటన్నిటి శబ్దం ఒకటేనని అర్థం. ఈ అదలుబదలు కోసం ఎప్పుడూ వెతుకుతూ ఉండండి.

'బాక్' అంటే ఎముక, 'బాక్' అంటే యుద్ధంలో చిక్కిన బందీ. శాసనాల్లో ఎముక బొమ్మ ఉన్నచోట చాలాసార్లు ఉన్నది బందీయే.

దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది: ఒకే గుర్తుకు రెండు మూడు శబ్దాలు. ద్రాక్షగుత్తి లాంటి చుక్కలున్న ఒక గుర్తు ఉంది. దాని చుట్టూ గుండ్రటి చట్రం, ముందు అంకె ఉంటే అది 'కవక్' అనే రోజు పేరు. అక్షరంగా వాడితే 'కు', మన టర్కీ కోడిలో వచ్చిందే. మాటగా వాడితే [తూన్], రాయి. ఏది తీసుకోవాలో చెప్పేది పక్కనున్న తోడు అక్షరం. చివర 'ని' ఉంటే తూన్ అన్నమాట.

ఈ గుర్తుతో పెద్ద పాఠమే జరిగింది. శిల్పాల్లో ఒక వికృత ముఖం మీద ఇవే చుక్కలు కనిపిస్తాయి. దాన్ని చాలా కాలం 'కవక్ రాక్షసి' అని పిలిచారు. 1987లో మాయా లిపి పండితుడు డేవిడ్ స్టువర్ట్ ఆ ముఖానికి ముందు 'వి' అనే తోడు అక్షరం వస్తోందని, అదే చోట వేరే రాతల్లో వి-ౘి అని అక్షరాలతో రాస్తున్నారని చూపించాడు. విౘ్: కొండ. అది ఒక రాక్షసి బొమ్మ అనుకున్నవాళ్లందరికీ ఒక్కసారిగా ఊళ్ల పేర్లు, గుడుల పేర్లు చదవడం వచ్చేసింది. వాళ్ల దృష్టిలో కొండ ప్రాణమున్నది, అందుకే ముఖం పెట్టారు.

ఇలాంటిదే ఇంకోటి. ఒక ముఖం, అందులో సగాన్ని జాగ్వార్ చర్మం కప్పేసి ఉంటుంది. కుండల మీద వింత జంతువుల పక్కన వస్తుంది. 1989లో స్టువర్ట్, స్టీఫెన్ హ్యూస్టన్ ఒకవైపు, నికొలాయ్ గ్రూబె మరోవైపు, దాన్ని 'వయ్' అని చదివారు. ముందు వ, వెనక య తోడు ఉన్నాయి. నిద్ర, కల, మనిషికి జంటగా ఉండే ఆత్మ, ఇవన్నీ ఆ మాటలో ఉన్నాయి. తెలుగులో ఒక్క మాటలో దీన్ని చెప్పలేం. అలాంటప్పుడు బలవంతంగా ఒక మాట పెట్టేయకండి. 'వయ్' అనే ఉంచి పక్కన వివరం రాసుకోండి.

ఏడో మెట్టు: ముందు వెనక అతుకులు విడదీయడం

నిఘంటువులో మాట దొరకడం లేదా? అతుకులు తీయండి.

'ఉ' ముందు ఉంటే 'అతని, ఆమె'. ఉ బాక్: అతని బందీ. ఉ లక్: అతని పళ్లెం. అచ్చుతో మొదలయ్యే మాటకైతే ఉ బదులు య్ వస్తుంది. ఒతోత్ (ఇల్లు) 'యొతోత్' అవుతుంది. ఇౘి'న్ (తోబుట్టువుల్లో చిన్న) 'యిౘి'న్' అవుతుంది. 'య' కింద వెతికితే ఈ మాటలు దొరకవు.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటి చెప్పాలి. మన అన్న, తమ్ముడు లాగే మాయా భాషల్లో పెద్దవాడికీ చిన్నవాడికీ వేర్వేరు మాటలున్నాయి. యుకాటెక్‌లో అన్నను ఒక మాటతో, అక్కను ఇంకో మాటతో పిలుస్తారు. చిన్నవాళ్లైతే మగైనా ఆడైనా ఒకటే మాట. శాసనంలో 'యిౘి'న్' వచ్చిందంటే ఇద్దరిలో ఎవరు ముందు పుట్టారో వెంటనే తెలుస్తుంది. సింహాసనం లెక్క అక్కడే ఉంటుంది. ఇంగ్లీషులో చదివితే 'సోదరుడు' అని జారిపోయే ఈ తేడాను తెలుగులో రాసుకుంటే 'తమ్ముడు' అని కచ్చితంగా పట్టుకోవచ్చు.

'అహ్' ముందు వస్తే 'ఆ పని చేసేవాడు, ఆ చోటివాడు'. ౘి'బ్ అంటే రాత, బొమ్మ గీయడం కూడా. వాళ్లకు ఆ రెండూ ఒకటే పని. అహ్ ౘి'బ్ అంటే రాతగాడు. 'ఇష్' వస్తే స్త్రీ. స్త్రీ తల బొమ్మతో రాస్తారు. చివర 'ఇబ్' వస్తే ఆ పనికి వాడే వస్తువు లేదా చోటు. ఉక్' అంటే తాగడం, ఉకి'బ్ అంటే తాగే పాత్ర. వయ్ నుంచి వయిబ్, నిద్రించే చోటు.

రెండు మాటలు కలిసి మూడోది పుట్టే తీరు కూడా చూడండి. ఒచ్ అంటే ప్రవేశించడం, కి'న్ సూర్యుడు. ఒచ్‌కి'న్: పడమర. పొద్దు లోపలికి వెళ్లే దిక్కు. ఒచ్ బిహ్: దారిలోకి వెళ్లాడు. అది చావును చెప్పే తీరు. మనం "కాలం చేశారు" అన్నట్టు. ఇలాంటివి కనబడితే ముక్కల అర్థం, మొత్తం అర్థం రెండూ వేర్వేరుగా రాసుకోండి.

ఎనిమిదో మెట్టు: వాక్యంలో పెట్టి చూడడం

తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. మాయా వాక్యంలో ముందు తేదీ, వెంటనే క్రియ, ఆ తర్వాత ఎవరికి జరిగిందో, ఎవరు చేశారో. వాక్యాన్ని తలకిందులుగా వినడం అలవాటు చేసుకోవాలి. తేదీ గుర్తుపట్టడం తేలిక: చుక్క ఒకటి, అడ్డగీత ఐదు. తేదీ అయిపోగానే వచ్చే బ్లాకు మీద వేలు పెట్టండి. అదే క్రియ అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

మెక్సికోలోని పాత మాయా నగరం యష్‌చిలాన్‌లో ఉన్న 8వ నంబరు గుమ్మం రాయి మొదటి పాఠానికి చాలా మంచిది. ఇద్దరు యోధులు, ఇద్దరు బందీలు. మాయా పంచాంగంలో తేదీ 7 ఇమిష్ 14 సెక్, మన లెక్కలో క్రీ.శ. 755. తర్వాతి బ్లాకు చు-క-హ. చివరి అచ్చు మింగి, మధ్యలో రాయని హ్ కలిపితే 'చుహ్కహ్'. 'చుక్' అంటే పట్టుకోవడం. మధ్య హ్, చివర అహ్ కలిసి 'పట్టుబడ్డాడు' అనే అర్థం ఇస్తాయి. ఆ తర్వాత పుర్రె, దాని చుట్టూ పూసల చుక్కలు ఉన్న పేరు. అదే పేరు కింద ఒక బందీ తొడ మీద కూడా చెక్కి ఉంది! ఎవరు పట్టుబడ్డారో వెతుక్కోనక్కరలేదు. తర్వాత 'ఉ బాక్', అతని బందీ. ఎవరి బందీ? జాగ్వార్ తల మీద పక్షి ఉన్న పేరు, యషూన్ బహ్లమ్, ఆ ఊరి రాజు. నాలుగు మాటలు చదివారు, ఒక యుద్ధ వార్త మీ చేతికొచ్చింది.

చుహ్కహ్ పట్టుబడితే మిగతావీ వరసగా తెలుస్తాయి: ముహ్కహ్ (పాతిపెట్టబడ్డాడు), సిహ్యహ్ (పుట్టాడు), చుమ్లహ్ తి అహావ్లెల్ (రాజరికంలో కూర్చున్నాడు). చివరిదానిలోని అహావ్ అంటే ప్రభువు. ఊరి గుర్తుకు ముందు 'కు'హుల్', వెనక 'అహావ్' ఉంటే ఆ ఊరి దివ్య ప్రభువు అని. పలేంకే రాజ్యం పేరు బాకల్, అందులోనూ ఎముక బొమ్మే ఉంటుంది. అక్కడి గొప్ప రాజు పకల్ (పాలన 615–683) పేరు కొన్నిచోట్ల డాలు బొమ్మతో, కొన్నిచోట్ల ప-క-ల అని అక్షరాలతో ఉంటుంది. పకల్ అంటే డాలు అని మనకు తెలిసింది ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడబట్టే.

కుండల మీద రాత ఇంకో రకం. అంచు చుట్టూ దాదాపు ఒకే వాక్యం తిరుగుతుందని 1973లో మైఖేల్ కో అనే పురావస్తు పండితుడు గమనించాడు. సారాంశం: ఇది ఫలానా వాడి తాగే పాత్ర, ఫలానా పానీయం కోసం. యుకి'బ్ (అతని తాగే పాత్ర), త (కోసం), కకవ్, యజమాని పేరు. గ్వాటెమాలలోని రియో అసుల్‌లో 1984లో దొరికిన మూత బిగించే కూజా మీద కకవ్ అని ఉంది. లోపలి అడుగంటిన మడ్డిని ల్యాబ్‌లో పరీక్షిస్తే కోకో ఆనవాళ్లే దొరికాయి. చదివిన మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి! ఒక చిన్న కిటుకు: 'క' పక్కన రెండు బుడి చుక్కలుంటే ఆ అక్షరాన్ని రెండుసార్లు చదవమని. కకవ్‌ను అలా పొదుపుగా రాయడం మామూలే.

తొమ్మిదో మెట్టు: ఎంత నమ్మకమో రాసుకోవడం

దీన్ని దయచేసి వదిలేయకండి. ప్రతి మాట పక్కన రెండు గడులు పెట్టుకోండి: శబ్దం ఎంత ఖాయం, అర్థం ఎంత ఖాయం. రెండూ ఒకేసారి తెలియాలని లేదు.

1960లో తత్యానా ప్రొస్కురియాకొఫ్ అనే పండితురాలు పియెద్రాస్ నెగ్రాస్ అనే మాయా నగరపు శాసనాల్లో తేదీల మధ్య దూరాలు లెక్కగట్టింది. అవి ఒక మనిషి జీవితకాలంలో ఇమిడే దూరాలు. తల పైకెత్తిన కప్ప లాంటి గుర్తు జననమని, దవడకు గుడ్డ కట్టినట్టున్న గుర్తు పట్టాభిషేకమని ఆమె తేల్చింది. వాటిని ఎలా పలకాలో అప్పటికి ఎవరికీ తెలియదు. అంటే అర్థం ముందు వచ్చింది, శబ్దం తర్వాత. నక్షత్రం నుంచి ధారలు కురుస్తున్నట్టుండే యుద్ధ క్రియది ఈనాటికీ అదే పరిస్థితి. ఒక రాజ్యం ఓడిపోయిన చోట అది వస్తుందని తెలుసు. 562లో తికాల్ అనే మాయా రాజ్యానికి జరిగిన పరాభవాన్ని చెప్పే శాసనంలో ఉన్నదీ అదే. పలుకు మాత్రం తేలలేదు. అలాంటి చోట శబ్దం గడిలో ప్రశ్నార్థకం పెట్టండి, ఊహించి నింపకండి.

నోటుబుక్కులో ఒక్కో మాటకు ఇవి చాలు: బ్లాకు బొమ్మ మీ చేత్తో గీసింది, ఎరిక్ థాంప్సన్ తయారుచేసిన గుర్తుల పట్టికలో వాటి నంబర్లు, అక్షరాలుగా విడగొట్టిన రూపం, పలికే రూపం, అర్థం, ఆ రెండు నమ్మకాలు, ఏ ఊరి ఏ రాయి. చేత్తో గీయమని ఊరికే అనడం లేదు. గీస్తేనే 'కు' లోపల ఎన్ని చుక్కలున్నాయో కన్ను పట్టుకుంటుంది. బాన్ విశ్వవిద్యాలయం క్లాసిక్ మాయా నిఘంటువు పని 2014 నుంచి చేస్తోంది. హార్వర్డ్ పీబడీ మ్యూజియం శాసనాల గీతచిత్రాలు దశాబ్దాలుగా అచ్చువేస్తోంది. వాటిలో ఫొటో, గీతచిత్రం రెండూ పక్కపక్కన పెట్టుకుని పని చేయండి. "మీ పేరు మాయా లిపిలో" అంటూ తిరిగే బొమ్మలను పాఠంగా తీసుకోవద్దు.

చేసి చూడండి

లండన్‌లో ఉన్న మన తెలుగువాళ్లకు ఇది నడిచి వెళ్లి చూసే అవకాశం. మిగతావాళ్లు ఫొటోతో చేయొచ్చు. యష్‌చిలాన్ 24వ గుమ్మం రాయి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీ.శ. 709 నాటి ఘటన. రాజు ఇౘమ్నాహ్ బహ్లమ్ కాగడా పట్టుకుని నిలబడి ఉంటాడు. రాణి మోకాళ్ల మీద కూర్చుని ముళ్లతాడును నాలుక గుండా లాగుతూ ఉంటుంది.

రాజును చెప్పే భాగంలో 'ఉ బాహ్' అనే మాట వెతకండి. బాహ్ అంటే రూపం, తాను. "ఇది అతని రూపం" అని. ఆ తర్వాత 'తి', ఒక పనిలో ఉండగా. ఆపైన 'చ'బ్', తపస్సు లాంటి కఠిన వ్రతం. ఇంకొంచెం ముందుకు పోతే 'క'హ్క'ల్ హుల్'. క'హ్క్' అంటే నిప్పు, హుల్ అంటే ఈటె. నిప్పుల ఈటె, అదే ఆ చేతిలోని కాగడా. రాణి భాగంలో స్త్రీ తల బొమ్మ కోసం చూడండి, 'ఇష్' అని. వెనకే ఆమె పేరు, క'బల్ షోక్.

రాజు పేరుకు ముందు నాలుగు చుక్కలు, ఇరవయ్యేళ్ల కాలాన్ని చెప్పే గుర్తు, 'అహావ్' కలిసిన ఒక బిరుదు ఉంటుంది. నాలుగు చుక్కల్ని 'చన్' అని పలకండి. ఈసారి అది పామూ కాదు, ఆకాశమూ కాదు, నిజంగా నాలుగే. నాలుగో ఇరవైలో నడుస్తున్న ప్రభువు. ఆ కాగడా పట్టుకున్న రోజుకి ఆయన వయసు అరవైకీ ఎనభైకీ మధ్య.